విశాఖలో పాములకు, చేపలకు బొమ్మలు గీయించిన డాక్టర్ పాట్రిక్ రస్సెల్



ఈ నెల జీవిత చరిత్ర పేజీకి నేను ఇంకొకరి గురించి రాయాలనుకున్నాను. ఐదో తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల మనసు మార్చుకున్నాను.

ఇంగ్లిష్ పీరియడ్‌లో జంతువుల పేర్లతో ఒక యాక్టివిటీ ఇచ్చాను. చూసిన జంతువు బొమ్మ గీసి కింద ఇంగ్లిష్‌లో పేరు రాయాలి. చాలామంది సింహం, ఏనుగు, జిరాఫీ గీశారు. వీటిలో ఒక్కటి కూడా కొడకండ్ల చుట్టుపక్కల చూసినవి కావు. ఒక బాబు మాత్రం పొలం గట్టు మీద పాము గీసి, కింద తెలుగులో జెర్రిపోతు అని రాశాడు. ఇది ఇంగ్లిష్ క్లాసు కదా అని నేను ఆ పేరును ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన స్నేక్ అని రాశాను. జెర్రిపోతు అని రాయడానికి వాడికి ఒక కారణం ఉంది. అది కరవదు, కరిచినా విషం లేదు, ఎలుకలను తింటుంది. ఈ మూడు సంగతులు ఆ ఒక్క పేరులో ఉన్నాయి. నేను రాసిన మాటలో ఏమీ లేదు.

ఆ సాయంత్రం పాముల గురించి వెతుకుతుంటే డాక్టర్ పాట్రిక్ రస్సెల్ కనిపించారు. జీవశాస్త్రం చదివిన పేరెంట్స్‌కు రస్సెల్స్ వైపర్ అనే పేరు తెలిసే ఉంటుంది. మనం రక్తపింజర అనే పామే అది. ఆ రస్సెల్ ఈయనే. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో అచ్చయిన ఆయన ఇంగ్లిష్ పుస్తకంలో ఆయన జెర్రిపోతును జెర్రిపోతు అనే రాశారు.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో ఒక లాయర్ గారి కుటుంబంలో 1720ల చివర్లో రస్సెల్ పుట్టారు. వైద్యం అక్కడే చదివారు. సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ అప్పటికే సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లిష్ వర్తకులకు డాక్టర్. 1750లో తమ్ముడు అన్న దగ్గరికి వెళ్లారు. అన్న 1753లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోతే ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అన్న రాసిన అలెప్పో ప్రకృతి చరిత్ర 1756లో అచ్చయింది. ఊరి వాతావరణం, మొక్కలు, జంతువులు, జనం అలవాట్లు, జబ్బులు అన్నీ ఆ ఒకే పుస్తకంలో ఉన్నాయి. తర్వాత కాలంలో పాట్రిక్ దాన్ని పెంచి 1794లో మళ్లీ అచ్చు వేయించారు.

1760 నుంచి 1762 వరకు అలెప్పోలో ప్లేగు వచ్చింది. యూరప్ వర్తకులు ఇళ్లకు తాళాలు వేసుకుని లోపలే ఉండిపోయారు. 2020లో మనం చేసిన పనే. రస్సెల్ మాత్రం రోగులను చూడటం మానలేదు. వీధి వైపు కిటికీలో నిలబడి, కింద నిలబడిన రోగులతో మాట్లాడి మందు చెప్పేవారు. చూసిన కేసులన్నీ రాసి పెట్టుకున్నారు. ఆ నోట్సుతోనే 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకం వచ్చింది. అలెప్పో పాషా ఆయనకు తలపాగా ధరించే గౌరవం ఇచ్చారని చెబుతారు. అక్కడ ఉన్న రోజుల్లో అరబిక్ బాగా నేర్చుకున్నారు. ఊరి జనం భాషలో పేర్లు అడిగి తెలుసుకునే అలవాటు అక్కడే పట్టి ఉంటుందని నా అనుమానం. భాష రాని డాక్టర్‌కు నొప్పి ఎక్కడో కూడా తెలియదు కదా.

ఆ తర్వాత లండన్ చేరి ప్రాక్టీస్ పెట్టారు. అక్కడ ఇద్దరు స్నేహితులు దొరికారు, జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్. వీళ్లిద్దరూ కెప్టెన్ కుక్‌తో ఎండీవర్ ఓడలో 1768 నుంచి 1771 వరకు ప్రపంచం చుట్టి వచ్చినవాళ్లు. మన పిల్లల సోషల్ పుస్తకాల్లో కుక్ పేరు ఉంటుంది కానీ ఆ ఓడలో ఉన్న చిత్రకారుడి పేరు ఉండదు. అతని పేరు సిడ్నీ పార్కిన్సన్. అతనిదీ ఎడిన్‌బరోనే. ఫొటోలు లేని కాలం. కొత్త దేశంలో కొత్త మొక్క, కొత్త చేప కనిపిస్తే అది వాడిపోకముందే, రంగు పోకముందే గీయాలి. ఊగుతున్న ఓడలో, ఈగలు ముసురుకుంటుంటే, అతను వందల బొమ్మలు గీశాడు. పనంతా పూర్తి కాకముందే 1771 జనవరిలో తిరుగు ప్రయాణంలో జబ్బు చేసి ఓడలోనే చనిపోయాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు. మా బీఈడీ బ్యాచ్‌లో చాలామంది అప్పుడు ఆ వయసువాళ్లమే.

రస్సెల్ 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. ఇంక లండన్‌లోనే స్థిరపడవచ్చు. కానీ 1781లో ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నం పాలన అప్పగించింది. తమ్ముడికి తోడుగా ఈయనా బయలుదేరారు. యాభై దాటిన వయసులో, నెలల తరబడి సముద్ర ప్రయాణం.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. అప్పటికి మన వరంగల్, జనగామ ప్రాంతం నిజాం పాలనలో ఉంది. కోస్తాలోని ఉత్తర సర్కారులు మాత్రం 1766 ఒప్పందంతో కంపెనీ చేతికి వెళ్లాయి. విశాఖ అప్పుడు చిన్న రేవు. ఉద్యోగం లేకుండా తమ్ముడితో వచ్చిన డాక్టర్‌కు కావలసినంత తీరిక దొరికింది. మొక్కలు, చేపలు, పాములు సేకరించడం మొదలుపెట్టారు. 1785లో కంపెనీ వృక్షశాస్త్రవేత్త కోనిగ్ కాకినాడ పక్కన జగన్నాథపురంలో చనిపోయారు. ఆ పదవి రస్సెల్‌కు ఇచ్చారు. కోరమాండల్ తీరంలోని మొక్కల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేయాలని కంపెనీకి సూచించినది ఈయనే. ఆ పని తర్వాత సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ చేతికి వెళ్లింది. 1795లో మొదటి సంపుటం వస్తే దానికి ముందుమాట రస్సెల్ రాశారు.

నాకు మాత్రం ఆయన మొక్కల కన్నా పాముల పని ముఖ్యం అనిపించింది.

అప్పట్లో పాముకాటుతో జనం, సిపాయిలు, కూలీలు చనిపోతుంటే డాక్టర్లకు చేతనైంది చాలా తక్కువ. కరిచింది ఏ పామో తెలియదు. విషం లేని పాము కరిచినవాడికి ఏ పసరు పోసినా బతుకుతాడు, పేరు పసరుకు వస్తుంది. విషం ఉన్న పాము కరిస్తే అదే పసరు పోసినా చనిపోతాడు, తప్పు విధిది అవుతుంది. రస్సెల్ డాక్టర్‌గా ముందు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఈ తీరంలో ఉన్న పాములు ఎన్ని, వాటిలో విషం ఉన్నవి ఏవి, మామూలు మనిషి వాటిని చూసి గుర్తుపట్టడం ఎలా.

దీనికి ఆయన చేసిన పని ఓపిక గలవాళ్లు మాత్రమే చేయగలిగింది. ప్రతి పామును కొలిచారు. పొట్ట కింద అడ్డంగా ఉండే పలకలను, తోక కింద జతలుగా ఉండే పొలుసులను లెక్కపెట్టారు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పద్ధతి అది. రంగు మారవచ్చు, పొడవు పెరగవచ్చు, పొలుసుల లెక్క అంతగా మారదు. నోరు తెరిచి కోరలు ఉన్నాయా లేవా చూశారు. ఆ తర్వాత బొమ్మ. తల విడిగా, మచ్చల వరుస విడిగా తెలిసేలా బొమ్మ ఉండాలి. అందం కోసం గీసిన బొమ్మలో మచ్చలు రెండు ఎక్కువైనా ఎవరూ అడగరు. ఈ బొమ్మలో అలా కుదరదు, దీన్ని చూసి ఎవరో ఒక డాక్టర్ మందు నిర్ణయించాలి.

విషం ఎంత ఉందో తెలుసుకోవడానికి కోళ్లను, కుక్కలను పాములతో కరిపించి, ఎంతసేపటికి ఏమైందో రాశారు. ఆ పేజీలు చదవడం కష్టం. పిల్లలకు ఈ భాగం చెప్పాలా వద్దా అని నేను ఆలోచించాను, చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే అనిపించింది. ఈ రోజు మనకున్న జ్ఞానంలో కొంత భాగం అలా వచ్చింది. తంజావూరు మాత్ర అని అప్పట్లో పాముకాటుకు పేరున్న మందు ఒకటి ఉండేది. అందులో పాషాణం, అంటే ఆర్సెనిక్, ఉండేది. రస్సెల్ దాన్ని కూడా పరీక్షకు పెట్టారు. పేరు ఎంత పెద్దదైనా అది నమ్మదగ్గ మందని ఆయనకు తేలలేదు.

ఈ పనిలో ఆయన గుర్తించిన ముఖ్యమైన పాము స్థానికులు కాటుక రేకుల పొడ అని పిలిచేది. వీపు మీద గొలుసులా మూడు వరుసల గుండ్రటి మచ్చలు, అంచుకు కాటుక దిద్దినట్టు నల్ల గీత. పేరు పెట్టిన వాళ్లు ఎవరో కానీ బొమ్మ గీసినట్టే పెట్టారు. దీని విషం చాలా ప్రమాదకరమని రస్సెల్ రాశారు. నాగుపాము పడగ విప్పుతుంది కాబట్టి అందరికీ తెలుసు. ఇది పడగ విప్పదు, లావుగా, మందంగా, చుట్టుకుని పడుకుని ఉంటుంది. తెలియనివాళ్లు కొండచిలువ పిల్ల అనుకుంటారు. ఆయన పుస్తకంలో కొండచిలువ పేరు పెద్ద పొడ. రెండు పేర్లలోనూ పొడ అనే మాట ఉంది, అంటే మచ్చ. రెండింటికీ పోలిక ఉందని జనానికి తెలుసు, తేడా చెప్పడానికి ముందు ఒక మాట చేర్చారు. ఒకటి మనిషిని చంపుతుంది, ఒకదానికి విషమే లేదు. తేడా అంతా ఆ ముందు మాటలోనే ఉంది.

రస్సెల్ తన పరిశీలనలను మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. 1789లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లారు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం మొదటి సంపుటం రంగు బొమ్మలతో వచ్చింది. మరుసటి సంవత్సరం, 1797లో, జార్జ్ షా అనే శాస్త్రవేత్త కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరు పెట్టారు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం దబోయా రస్సెలీ.

దీని గురించి నాకు కొంచెం బాధగానే ఉంది. పేరు పెట్టినవాళ్ల పేరు పోయి, రాసుకున్న ఆయన పేరు నిలిచింది. అయితే ఇంకో పాము విషయంలో లెక్క తిరగబడింది. రస్సెల్ పుస్తకంలో పసుపు నలుపు పట్టీలు ఉన్న ఒక పాము ఉంది, పేరు బంగారం పాము అని రాశారు. ఆ మాట పట్టుకుని 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ ఆ జాతి పాములన్నిటికీ బంగారస్ అని పేరు పెట్టారు. మన కట్లపాము శాస్త్రీయ నామం బంగారస్ కెరూలియస్. ప్రపంచంలో ఏ దేశం డాక్టర్ అయినా కట్లపాము పేరు రాయాలంటే ముందు మన బంగారం రాయాల్సిందే.

చేపల కథ కూడా ఇలాంటిదే. విశాఖలో జాలర్ల వలల్లో పడిన చేపలను స్థానిక చిత్రకారుడితో గీయించారు. చేప చచ్చిన కాసేపటికే రంగు మారిపోతుంది, కాబట్టి ఒడ్డుకు దగ్గరగా కూర్చుని గీయాల్సిన పని. 1803లో రెండువందల చేపల వర్ణనలు, బొమ్మలతో రెండు సంపుటాలు వచ్చాయి. చేపల పేర్లన్నీ జాలర్లు చెప్పినవే, తెల్ల చందువ, నల్ల చందువ, పాల సొర, కానగుర్త. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆయన రాసుకున్న స్పెల్లింగులు చూస్తే నవ్వు వస్తుంది. కానీ గట్టిగా చదివితే విశాఖ ఒడ్డున మనిషి గొంతు వినిపిస్తుంది. పారిస్‌లో కువియే అనే గొప్ప శాస్త్రవేత్త ఈ పుస్తకంలోని కానగుర్త బొమ్మను ఆధారంగా తీసుకుని 1816లో ఆ చేపకు శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడు దాన్ని రాస్ట్రెల్లిగర్ కానగుర్త అంటారు. మనం ఆదివారం మార్కెట్‌లో కానాగంతలు అని కొనే చేప అదే. సముద్రం లేని మన జనగామ జిల్లాకు ఐస్ పెట్టెలో వచ్చేసరికి దాని పేరులో ఈ కథ ఉందని అమ్మేవాళ్లకూ తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు.

ఆ పుస్తకాల ముఖపత్రం మీద రస్సెల్ పేరు ఉంది, బొమ్మలు గీసిన విశాఖ చిత్రకారుడి పేరు లేదు. సిడ్నీ పార్కిన్సన్ ఓడలో చనిపోయినా పేరు మిగిలింది. ఈయనకు అది కూడా దక్కలేదు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పాప, ఆయన బొమ్మ మూలన సంతకం పెట్టుకోలేదా టీచర్ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రస్సెల్ 1805 జులైలో లండన్‌లో చనిపోయారు. పాముల పుస్తకం రెండో సంపుటంలో కొన్ని భాగాలు 1801, 1802లో వచ్చాయి. మిగిలినవి ఆయన పోయాక 1807, 1809లో అచ్చయ్యాయి. డెబ్బై దాటిన మనిషి చివరి సంవత్సరాలన్నీ ఇరవై ఏళ్ల కిందట విశాఖలో చూసిన పాముల ప్రూఫులు దిద్దుకుంటూ గడిపారన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన ఊళ్లలో పాముకాటు పాత కథ కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువగా చనిపోయిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలావరకు పల్లెల్లోనే, వానకాలంలోనే. మన పిల్లల్లో సగం మంది ఇళ్లకు పొలాలు ఉన్నాయి. వరి కోతలప్పుడు, పత్తి ఏరేటప్పుడు పిల్లలు కూడా చేను కాడికి వెళ్తారు.

మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు సూది ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. ఆ సీసాతో వచ్చే కాగితం మీద చూడండి, బంగారస్ ఉంటుంది, రస్సెల్ పేరూ ఉంటుంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, తెల్లారేసరికి కళ్లు మూతలు పడతాయి. కడుపునొప్పి అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. రక్తపింజర కరిస్తే వాపు, రక్తం కారడం, తర్వాత కిడ్నీలు దెబ్బతినడం. ఏ పాము కరిచినా కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకండి. కరిచిన చేయి, కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా, ముందు దొరికిన బండిలో విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కు ఫోన్ చేయండి. పామును పట్టడానికో చంపడానికో సమయం పోగొట్టకండి. దూరం నుంచి ఫొటో దొరికితే మంచిదే, లేకపోతే మానెయ్యండి.

మా ఐదో తరగతి పిల్లలు ఈ నెలలో ఒక ప్రాజెక్ట్ చేస్తున్నారు. ఇంటి చుట్టూ, చెరువు దగ్గర, చేనులో కనిపించే ఒక పాము, చేప, పిట్ట లేదా పురుగు బొమ్మ గీయాలి. పామైతే దూరం నుంచి చూసింది లేదా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది మాత్రమే, దగ్గరికి వెళ్లకూడదు. బొమ్మ కింద మూడు వరుసలు ఉంటాయి. మొదటిది ఇంట్లో నానమ్మ, తాత పిలిచే పేరు, తెలుగు లిపిలో. రెండోది అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, వాళ్లకు వినిపించినట్టు. మూడోది ఇంగ్లిష్ పేరు, అది నేను క్లాసులో చెబుతాను. మూలన గీసినవాళ్ల సంతకం తప్పనిసరి.

ఎర్ర పెన్నుతో కొట్టేసిన బాబుకు కొత్త కాగితం ఇచ్చి సారీ చెప్పాను. వాడు మళ్లీ జెర్రిపోతే గీశాడు, ఈసారి నోట్లో ఎలుకతో సహా. ఇంగ్లిష్ అక్షరాల్లో దాని పేరు రాయడానికి పదకొండు అక్షరాలు పట్టాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు పాత పేర్లు తెలిసి ఉంటే పిల్లలతో కాసేపు కూర్చోబెట్టండి. డ్రాయింగ్ షీట్లు వచ్చే రెండో శనివారం లోపు క్లాస్ టీచర్‌కు అందేలా చూడండి.